ఇంటికి వాహనం: కొత్తదా, పాతదా?



మోటారు సైకిలుపై నలుగురు ప్రయాణించే కుటుంబాలు మన బస్తీలలో ఎన్నో ఉన్నాయి. ముందు ట్యాంకుపై ఒక బిడ్డ, వెనుక తల్లి ఒడిలో మరొక బిడ్డ. అటువంటి ఇంటి యజమాని నాలుగు చక్రాల వాహనం కొనాలని తలచడం ఆడంబరం కాదు, అవసరం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మనిషి సౌభాగ్యాలలో సుఖమైన వాహనాన్ని కూడా ఒకటిగా లెక్కించారు. అయితే ఆ సౌభాగ్యం ఏడేళ్ల అప్పుగానో, మోసపోయిన బాధగానో మారకుండా చూసుకోవలసిన బాధ్యత మనదే.

నేడు అధిక కుటుంబాలు కోరుకుంటున్నది చిన్న ఎస్‌యూవీని. నాలుగు మీటర్ల లోపు పొడవు, గతుకుల రోడ్డుకు, గ్రామాల దారికి తగిన ఎత్తు, ఐదుగురు కూర్చునే వీలు దాని లక్షణాలు. నెక్సాన్, బ్రెజా, వెన్యూ, సోనెట్, 3ఎక్స్ఓ, మాగ్నైట్ ఈ కోవకు చెందినవే. కొనదలచినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న "కొత్తదా, పాతదా?" అన్నది. నా దృష్టిలో అది మూడవ ప్రశ్న. మొదటిది "ఎవరి కోసం?", రెండవది "ఏ సొమ్ముతో?". ఈ రెండింటికీ సమాధానం దొరికితే మూడవది చాలావరకు తానే తేలిపోతుంది.

మొదటి ప్రశ్న: ఎవరి కోసం?

ఇంటిల్లిపాదీ కూర్చుని మష్వరా చేయండి. బండి నడిపేది కుమారుడే అయినా, మోకాళ్ల నొప్పితో ఎక్కి దిగవలసింది అమ్మీజాన్. ఆమెను స్వయంగా తీసుకువెళ్లి వెనుక సీటులో కూర్చోబెట్టండి. అబాయా అంచు కాలికి తగలకుండా గడప దాటగలుగుతున్నారా? సీటు ఎత్తు నడుముకు సరిపోతున్నదా? ప్రకటనల్లోని ఏ వర్ణన కంటే కూడా ఈ పది నిమిషాల పరీక్ష మేలైనది.

తరువాత లెక్క చూడండి. వెనుక ముగ్గురు పెద్దలు కూర్చోవలసి వస్తే బండి వెడల్పు ముఖ్యం. నెక్సాన్, 3ఎక్స్ఓ 1800 మిల్లీమీటర్లకు పైగా వెడల్పు గలవి. ఊరి ప్రయాణాలకు సామాను ఎక్కువైతే వెనుక డిక్కీ ముఖ్యం. పాత ఎక్స్‌యూవీ 300 వెడల్పుగా ఉన్నా దాని డిక్కీ చిన్నది. ఇక ఇంట్లో ఏడుగురు ఉండి, ఎప్పుడూ కలిసే ప్రయాణిస్తారంటే, ఐదు సీట్ల బండిలో ఏడుగురిని ఇరికించడం బిడ్డల ప్రాణాలతో చెలగాటం. అట్టివారు ఎస్‌యూవీ ఆశ విడిచి ఎర్టిగా వంటి మూడు వరుసల బండిని చూడడం ఉత్తమం.

ఇంధనం సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అప్పుడప్పుడూ దూర ప్రయాణంలో ఇంజిను బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ బడికీ, బజారుకూ నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కుటుంబానికి డీజిల్ తగదు, పెట్రోలు చాలు.

రెండవ ప్రశ్న: ఏ సొమ్ముతో?

2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవుతో పాటు పెట్రోలు ఇంజిను 1200 సీసీ, డీజిల్ ఇంజిను 1500 సీసీ మించకుండా ఉంటేనే ఈ తగ్గింపు వర్తిస్తుంది. మిగిలిన పెట్రోలు, డీజిల్ కార్లకు 40 శాతం. పొడవు తక్కువే అయినా బ్రెజా పెట్రోలు ఇంజిను 1462 సీసీ కాబట్టి అది 40 శాతం కిందికే వస్తుంది. కనుక ధరల పట్టిక చూసే ముందు ఇంజిను సామర్థ్యం చూడండి. కొత్త వాటి ధర తగ్గినప్పుడు పాత వాటి ధర కూడా దిగిరావాలి. తగ్గింపుకు ముందున్న ధర చెప్పే అమ్మకందారుతో ఈ మాట నిస్సంకోచంగా అనండి.

ధర తగ్గిందన్న ఉత్సాహంలో అనేకులు రుణానికి సిద్ధపడుతున్నారు. ఒక లెక్క చూద్దాం. 14 లక్షల కొత్త బండి, చేతిలో 6 లక్షలు, మిగిలిన 8 లక్షలు రుణం. వడ్డీ 9.5 శాతం, గడువు ఏడేళ్లు అనుకుంటే నెలసరి వాయిదా సుమారు 13 వేల 75 రూపాయలు. 84 వాయిదాలలో చెల్లించేది సుమారు 10 లక్షల 98 వేలు. అంటే దాదాపు 3 లక్షల రూపాయలు వడ్డీయే. వడ్డీ విషయంలో షరీఅత్ తీర్పు ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ధర్మాన్ని ఒక నిమిషం పక్కన పెట్టి లోకరీతిగా చూసినా, ఆ 3 లక్షలు ఆడబిడ్డ చదువుకో, తల్లి వైద్యానికో అందవలసిన సొమ్ము.

"మరి వడ్డీ లేని మార్గం ఏది?" అని అడగడం న్యాయమే. మన దేశపు బ్యాంకుల్లో ఇస్లామీ బ్యాంకింగ్ విభాగం లేదు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్లరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది. అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. బంధువుల నుండి ఖర్జె హసన తీసుకోవచ్చు. అయితే ఎంత, ఎప్పటికి తీర్చాలి అన్నది కాగితంపై వ్రాసి సాక్షుల సంతకాలు తీసుకోండి. అన్నదమ్ముల మధ్య వ్రాత ఎందుకనే మొహమాటమే తరువాత కలతలకు కారణమవుతుంది. విక్రేత తన సొంత వాహనాన్ని వాయిదాలపై అమ్ముతూ, మొత్తం ధరను ఒప్పందం నాడే నిర్ణయించి, ఆలస్యమైనా దానిని పెంచనట్లయితే, అట్టి అమ్మకాన్ని అత్యధిక ఫిఖహ్ పండితులు సమ్మతించారు.

"సున్నా శాతం వడ్డీ" అనే పథకాలను మాత్రం జాగ్రత్తగా చదవండి. నగదు కొనుగోలుదారుకు ఇచ్చే తగ్గింపు మీకు నిరాకరిస్తున్నారా? ప్రాసెసింగ్ రుసుము ఎంత? వాయిదా తప్పితే జరిమానా రోజురోజుకూ పెరుగుతుందా? ఒప్పంద పత్రాన్ని ముందుగా మీ ఊరి ముఫ్తీ సాహెబ్‌కు చూపించి, ఆ తరువాతే సంతకం చేయండి.

మూడవ ప్రశ్న: కొత్తదా, పాతదా?

పూర్తి సొమ్ము చేతిలో ఉన్నవారు, పది పన్నెండేళ్లు అదే బండిని వాడదలచినవారు కొత్తది తీసుకోవడంలో తప్పేమీ లేదు. వారంటీ ఉంటుంది, భద్రతా సాధనాలు ఎక్కువ ఉంటాయి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తగినట్లు తయారై ఉంటుంది.

సొమ్ము చాలనివారికి పాతది గౌరవనీయమైన మార్గమే. బీమా సంస్థలు వాహనం విలువ లెక్కించే పట్టికలో రెండు నుండి మూడేళ్ల బండికి 30 శాతం, నాలుగు నుండి ఐదేళ్ల బండికి 50 శాతం తరుగుదల చూపుతారు. బజారు ధర అచ్చంగా అంతే ఉండదు. కానీ తరుగుదలలో పెద్ద భాగాన్ని మొదటి యజమాని భరించాడన్నది నిజం. పై ఉదాహరణలోని కుటుంబం ఆ 6 లక్షలతోనే నాలుగైదేళ్ల మంచి బండి కోసం వెదకవచ్చు. అందులోనూ పదోవంతు పక్కన ఉంచుకోవాలి. టైర్లు, బ్యాటరీ, మొదటి సర్వీసు వెంటనే ఖర్చు అడుగుతాయి.

ఏ సంవత్సరపు బండి? 2019 ఏప్రిల్ నుండి కార్లకు ఏబీఎస్ బ్రేకులు, 2019 జూలై నుండి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు అన్ని కొత్త కార్లకూ 2021 చివరి నుండే తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో కొన్నింటికి ఇవి ఉన్నాయి, కొన్నింటికి లేవు. అడిగి, కళ్లారా చూసి తెలుసుకోండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు నెక్సాన్ 2018లో, ఎక్స్‌యూవీ 300 2020లో ఐదు నక్షత్రాలు పొందాయి. 2018లో విటారా బ్రెజాకు నాలుగు వచ్చాయి. ఎకోస్పోర్ట్ తక్కువ ధరకు దొరకవచ్చు, కానీ ఫోర్డ్ సంస్థ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపివేస్తున్నట్లు ప్రకటించింది. మీ ఊరిలో దానిని బాగుచేసేవారు, విడిభాగాలు ఉన్నాయా అని ముందే విచారించండి. 2023కు ముందు తయారైన ఏ పెట్రోలు బండి అయినా ఇథనాల్ ఎంత శాతం వరకు తగునో దాని పుస్తకంలో చూడండి.

బండిని చూసేటప్పుడు ఉదయం వేళ, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లండి. ఆయనకిచ్చే రుసుము వృథా కాదు. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుతూ, పెడల్ రబ్బర్లు అరిగిపోయి, స్టీరింగు నున్నబడి ఉంటే మీటరు మాట నమ్మకండి. సర్వీసు రికార్డు అడగండి. టైరు అంచున నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్ల తేదీలు వేర్వేరుగా ఉంటే కారణం అడగండి.

మన ప్రాంతంలో మరొక ప్రమాదం ఉంది. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ వరదల్లో ఎన్నో వాహనాలు నీటిపాలయ్యాయి. అటువంటి బండిని కడిగి, తుడిచి, మెరుగుపెట్టి అమ్మడం కష్టం కాదు. నెలల తరువాతే వైర్లు తుప్పుపట్టి, ఒక్కొక్క పరికరం మొరాయిస్తుంది. కనుక సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి చార ఉందేమో చూడండి. స్టెప్నీ గుంటలో బురద, తివాచీ కింద ముక్కవాసన, సీటు కింది ఇనుప పట్టాలకు తుప్పు ఉన్నాయేమో గమనించండి. ఇవి కనబడితే ధర ఎంత తగ్గించినా వదిలివేయండి.

కాగితాల మాట

ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఆర్.సి., బీమా వివరాలు కనబడతాయి. బకాయి ఉన్న చలాన్లు చూడండి. ఆర్.సి.పై ఫైనాన్సు సంస్థ పేరు ఉంటే, రుణం తీరినట్లు పత్రం, ఫారం 35 లేకుండా పూర్తి సొమ్ము ఇవ్వకండి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. తెలంగాణ బండిని ఆంధ్రప్రదేశ్‌కు గాని, అక్కడిది ఇక్కడికి గాని మార్చుకునేటట్లయితే ఎన్.ఓ.సి. కావాలి, కొత్త రాష్ట్రపు పన్ను కూడా లెక్కలోకి వస్తుంది. బీమాను 14 రోజుల లోపు మీ పేరుకు మార్పించుకోండి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనసు ఆయనకే చెందుతుంది, బండితో రాదు.

అమ్మేవారికీ ఇది ముఖ్యమే. పేరు మారనంతవరకు ప్రమాద పరిహారపు బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తాళంచెవి ఇచ్చివేసి నిశ్చింతగా ఉండడం తగదు.

అమ్మేవారికి ఒక మనవి

పాత కార్ల వ్యాపారంలో మన సోదరులు అనేకులున్నారు. వారితోనూ, సొంత బండి అమ్ముకునే ప్రతి కుటుంబంతోనూ ఒక మాట చెప్పవలసి ఉంది. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉన్నదని ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. దానినే ఖియారుల్ ఐబ్ అంటారు. "చూసుకుని తీసుకో, తరువాత నాకు సంబంధం లేదు" అన్న ఒక్క మాటతో, తెలిసి దాచిన వరద నీటి సంగతి ధర్మసమ్మతమైపోదు. చట్టం కన్ను కప్పవచ్చు, అల్లాహ్ కన్ను కప్పలేము. ఆ బండి బ్రేకులను నమ్మి కూర్చునేది పరాయివారి బిడ్డలు. కొనేవాడు ముస్లిమైనా, కాకపోయినా ఈ అమానత్ ఒక్కటే. లోపం చెప్పి అమ్మితే ఇరవై వేలు తగ్గవచ్చు, కానీ మిగిలిన సొమ్ములో బర్కత్ ఉంటుంది.

చివరగా జకాత్ గురించి ఒక వివరణ. కుటుంబం వాడుకునే వాహనంపై జకాత్ లేదు. అయితే వాహనం కోసం కూడబెడుతున్న సొమ్ము నిసాబ్‌కు చేరి ఏడాది పూర్తయితే దానిపై జకాత్ ఉంటుంది. అమ్మకానికి పెట్టిన వాహనాలు వ్యాపారపు సరుకు కింద లెక్కకు వస్తాయి.

కనుక సోదరులారా! పక్కింటివారి కొత్త బండిని చూసి కాదు, మీ అమ్మీజాన్ మోకాళ్లనూ, మీ చేతిలోని సొమ్మునూ చూసి నిర్ణయించండి. ఈ ఏడాది వీలుపడకపోతే మరొక ఏడాది ఆగండి. అంతవరకు అవసరమైన రోజున ఆటో గాని, అద్దె కారు గాని తీసుకోండి, బిడ్డలను ట్యాంకుపై మాత్రం కూర్చోబెట్టకండి. అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమకరం చేయుగాక, మన సంపాదనను హలాల్ చేయుగాక. ఆమీన్.