అంకెకు బదులు పేరు

పాఠశాలలోని కంప్యూటర్లు తమలో తాము మాటలాడుకొనుటకు సామాన్యముగా 192.168తో మొదలగు అంకెల చిరునామాలను వాడుకొనును. అవి లోపలి వలలకై ప్రత్యేకింపబడినవి. బయటి ఇంటర్నెట్టునందు చెల్లవు. గ్రంథాలయపు జాబితాయో హాజరు పట్టికయో లోపలి వెబ్ అప్లికేషనుగా నడుచునపుడు విద్యార్థులకు ఆ యంకెల వరుస నిచ్చిన చాలునని కొందరందురు. మేము దానికి సమ్మతింపము.

మన ప్రాంతమునే చూడుడు. విజయదాసులవారు 1755లో తనువు చాలించిన స్థలమగుటచే చిప్పగిరి కన్నడదేశమునను ప్రసిద్ధి గన్నది. అచ్చటికి వచ్చు యాత్రికుడు ఊరి పేరడుగును. సర్వే నంబరడుగువానిని మేమెరుగము. పొలమును రైతు పేరుతో పిలుచును, రికార్డు నంబరుతో పిలుచును. రెంటిని ముడివేయు పుస్తక మొకటి కావలెను. ఆ పుస్తకము ఇంటింట నొకటి యున్నచో తగవులకు కొదువ యుండదు.

ఇంటర్నెట్టును నిర్మించినవారికిని ఈ సంగతి యనుభవముమీదనే తెలిసినది. మొదట యంత్రముల పేర్లన్నియు అమెరికాలోని స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థయందు ఒక్క పట్టికగా నుండ, ఎల్లవారును దానికి నకళ్లు దింపుకొనుచుండిరి. యంత్రములు పెరుగగా నకళ్లు పాతబడెను. అంతట 1983లో పాల్ మొకపెట్రిస్, ఏ పేరు బాధ్యత ఆ సర్వరుకే యొప్పగించి అడిగినవారికి అప్పటికప్పుడు జవాబు చెప్పించు డీఎన్ఎస్ పద్ధతిని కల్పించెను. ఆ పాత పట్టిక ‘హోస్ట్స్’ అను పేర నేటికిని కంప్యూటర్లలో మిగిలియున్నది. రెండుమూడు యంత్రములకైనచో దానిలో వ్రాసికొనుట తప్పుకాదు. ముప్పది యున్న గదిలో మాత్రము, సర్వరు చిరునామా మారిన దినమున ముప్పదింటిని దిద్దవలెను. ఒకటి మరచినను అచ్చట గూర్చున్న బాలుడు తప్పు తనదే యనుకొనును.

కావున సర్వరునకు మారని చిరునామా కేటాయించి, పేరును లోపలి డీఎన్ఎస్ సర్వరులోనో, ఆ సౌకర్యము గల రౌటరులోనో ఒక్కచోటనే వ్రాయవలెను. పలువురు మరచున దింకొకటి కలదు: ‘ఈ పేరు నీదే’ యని వెబ్ సర్వరునకు గూడ చెప్పవలెను. ఒకే యంత్రముపై పలు అప్లికేషన్లుండవచ్చును. బ్రౌజరు పంపు హోస్టు పేరును చూచియే సర్వరు దేనిని చూపవలెనో తేల్చుకొనును.

పేరు కొస విషయమున స్వేచ్ఛ తగదు. ‘.డెవ్’ అను కొసను అనేకులు తమ లోపలి పేర్లకు తగిలించుకొనుచుండిరి. అది గూగుల్ చేతికి పోయి నిజమైన కొస యయ్యెను; 2017 డిసెంబరునుండి క్రోమ్ బ్రౌజరు ఆ పేర్లకెల్ల హెచ్‌టీటీపీఎస్ మార్గమును తప్పనిసరి చేయగా పలువురి పనులు నిలిచిపోయెను. ‘.లోకల్’నకు 2013లోనే వేరొక పని నిర్ణయమైనది. లోపలి వాడుకకై ఐకాన్ సంస్థ 2024 జూలైలో ‘.ఇంటర్నల్’ కొసను ప్రత్యేకించినది. కాని దానికి బయటి సంస్థలు భద్రతా ధ్రువపత్ర మియ్యవు. పాఠశాలకు సొంత డొమైనున్నచో దాని ముందు ఒక మాట చేర్చిన పేరే మేలని మా యభిప్రాయము. ఏటేట రుసుము చెల్లించుట మాత్రము మరువరాదు.

తల్లిదండ్రులు ఇంటినుండి ఆ పేరు కొట్టి, రాలేదని చింతింప నక్కరలేదు. అది గోడలోపలి పేరు. ఇక ఆ మాట యేదన్నచో, ‘గ్రంథాలయ’ మును ఇంగ్లీషు అక్షరములలో పదిమంది పదివిధముల వ్రాయుదురు, ‘పుస్తక’ నయము.