లంచ్ బెల్ కొట్టాక

మా అక్క కొడుకు దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. బ్రౌన్ అట్ట వేసిన లాంగ్ సైజు పుస్తకం. థెరపీ క్లాసులో వారం వారం చెప్పినవన్నీ వాడు అందులో నంబర్లు వేసి రాసుకున్నాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాకూడదు. ఎవరైనా నవ్వితే నవ్వాలి. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నాను’ అని ఊరుకోకుండా ‘నువ్వు?’ అని తిరిగి అడగాలి. బస్సుల గురించి ఒకేసారి రెండు నిమిషాలకు మించి చెప్పకూడదు. మొత్తం నలభై ఏడు రూల్సు. ఏ నంబరు అడిగినా తడుముకోకుండా ఒప్పజెబుతాడు. అప్పటికి తొమ్మిదో తరగతి. ఆటిజం ఉన్న పిల్లాడు.

పోయిన దసరా సెలవులకు ముందు ఒకరోజు అక్కతో కలిసి వాడి స్కూలుకు వెళ్ళాను. అప్పుడే లంచ్ బెల్ కొట్టారు. పిల్లలు గుంపులు గుంపులుగా కూర్చుని బాక్సులు విప్పుతున్నారు, ఒకరి కూర ఒకరు లాక్కుంటున్నారు. వీడు మాత్రం నాలుగో మెట్టు మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. పక్కన, స్కూల్లో వాడికి తోడుగా ఉండే షాడో టీచరు. ‘‘రోజూ ఇక్కడేనా నాన్నా?’’ అని అడిగాను. ‘‘అవును పిన్నీ, ఇక్కడ గాలి బాగా వస్తుంది’’ అన్నాడు.

నలభై ఏడు రూల్సు కంఠతా వచ్చిన పిల్లాడికి ఆ మధ్యాహ్నం వాటిలో ఒక్కటి వాడే అవకాశం కూడా రాలేదు. ‘బాగున్నావా’ అని ఎవరైనా అడిగితే కదా, తిరిగి అడగడానికి.

ఆ రోజు నుంచి, ఆటిజం ఉన్న పిల్లలకు స్నేహం చేయడం నేర్పే విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. ఈ రంగంలో అందరూ ముందు చెప్పేది ‘పీర్స్’ అనే శిక్షణ గురించి. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ దాన్ని తయారుచేశారు. 2009లో ప్రచురించిన తొలి పరీక్షలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 33 మంది ఉన్నారు. పన్నెండు వారాల శిక్షణ. పిల్లలకు నేర్పుతున్నప్పుడే తల్లిదండ్రులనూ విడిగా కూర్చోబెట్టి అదే పాఠం చెబుతారు, ఇంటి దగ్గర వాళ్ళే గురువులు కావాలి కాబట్టి. పీర్స్‌లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. పెద్దవాళ్ళం మనం ఇచ్చే సలహాలను అది పక్కన పెట్టేసింది. ‘వెళ్ళి నీ పేరు చెప్పి పరిచయం చేసుకో’ అంటాం. ఏ పద్నాలుగేళ్ళ పిల్లాడు అలా చేస్తాడు? గుంపుకు కాస్త దగ్గరగా నిలబడి, వాళ్ళు దేని గురించి మాట్లాడుకుంటున్నారో విని, మాట ఆగినప్పుడు ఆ విషయం మీదే ఒక మాట కలుపుతాడు. పీర్స్‌లో అదే నేర్పుతారు. ఎవరైనా ఏడిపిస్తే ‘పట్టించుకోకు, టీచరుకు చెప్పు’ అనరు. ‘అయితే ఏంటి?’ అని చిన్నగా అనేసి కదిలిపొమ్మంటారు. ఇది పిల్లల లోకాన్ని చూసి రాసిన పాఠం. 2014లో కొరియావాళ్ళు కూడా తమ భాషలోకి, తమ అలవాట్లకు తగ్గట్టు మార్చుకుని పరీక్షించారు, ఫలితం కనబడింది. తెలుగులో ఇలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అయితే అక్కడితో ఆగిపోతే మెట్ల మీద పిల్లాడు మెట్ల మీదే ఉంటాడు. 2017లో గేట్స్, కాంగ్, లెర్నర్ అనే ముగ్గురు పరిశోధకులు గ్రూపుగా ఇచ్చే ఇలాంటి శిక్షణల మీద జరిగిన 19 పరీక్షలను ఒకచోట చేర్చి చూశారు. మొత్తం మీద ప్రయోజనం ఉంది, ఓ మోస్తరుగా. పిల్లలను అడిగితే ‘చాలా నేర్చుకున్నాం’ అన్నారు. తరచి చూస్తే వాళ్ళకు పెరిగింది ఏం చేయాలో తెలియడం. అది చేస్తున్నామని చెప్పింది తక్కువ. టీచర్లు ఇచ్చిన నివేదికల్లో లెక్కలోకి వచ్చే తేడా లేదు. ఇది చదివినప్పుడు నాకు ఆ బ్రౌన్ అట్ట నోటుబుక్కే కళ్ళముందు కదిలింది.

తెలిసినది చేతల్లోకి ఎందుకు రాలేదు? లోపమంతా పిల్లాడిలోనే ఉందనుకుంటే జవాబు దొరకదు. 2017లోనే టెక్సస్ విశ్వవిద్యాలయం డాలస్ శాఖలో నోవా సాసన్ బృందం ఒక పని చేసింది. ఆటిజం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ తమను పరిచయం చేసుకుంటుంటే రికార్డు చేసి, ఆ ముక్కలను కొత్తవాళ్ళకు చూపించారు, వినిపించారు. ఆటిజం ఉన్నవాళ్ళ విషయంలో చూసినవాళ్ళు కొన్ని క్షణాల్లోనే తేల్చేశారు, ఈ మనిషితో మాట కలపాలని లేదని. గొంతు విన్నా అంతే, వీడియో చూసినా అంతే. కానీ అవే మాటలను కాగితం మీద రాసి ఇస్తే తేడా మాయమైంది. చెప్పిన విషయంలో ఏ లోటూ లేదు. చెప్పిన తీరు మనకు అలవాటైనట్టు లేదు, అంతే. బ్రిటన్‌లో డామియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త, తానూ ఆటిజం ఉన్నవాడే, 2012లోనే ఈ మాట అన్నాడు: అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది, నేర్చుకొమ్మని మాత్రం ఒక వైపువాళ్ళకే చెబుతున్నారు.

ఎడిన్‌బరోలో క్యాథరీన్ క్రాంప్టన్ బృందం 2020లో, మనం చిన్నప్పుడు చెవిలో ఊదుకుంటూ ఆడిన ఆటలాగా, ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించింది. ఆటిజం ఉన్నవాళ్ళ వరుసలో కథ మిగతావాళ్ళ వరుసలో నిలిచినంతగానూ నిలిచింది. రెండు రకాలవాళ్ళూ కలిసిన వరుసలోనే ఎక్కువ జారిపోయింది. 2025లో 311 మందితో మళ్ళీ పరీక్షిస్తే మూడు రకాల వరుసలూ ఒకేలా ఉన్నాయి. కాబట్టి మొదటి ఫలితాన్నే పట్టుకుని వేలాడకూడదు. అయినా రెండుసార్లూ ఒక సంగతి రుజువైంది. ఆటిజం ఉన్నవాళ్ళు తమలో తాము విషయం చేరవేసుకోగలరు, మనకేమీ తీసిపోకుండా.

ఇక కళ్ళలోకి చూడమనడం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసిన ‘ఇసా’ కొలబద్దలో 40 అంశాలుంటాయి. దేశమంతటా ఆటిజం సర్టిఫికెట్‌కు వాడేది అదే. కళ్ళు కలపకపోవడం అందులో ఒక అంశం. గుర్తించడానికి అది అవసరమే, నాకు దాని మీద అభ్యంతరం లేదు. కానీ గుర్తించడానికి పెట్టుకున్న లక్షణాన్ని సరిచేయాల్సిన తప్పుగా మార్చుకుని, ‘నా కళ్ళలోకి చూడు, చూడు’ అని గడ్డం పట్టుకుని తల తిప్పే థెరపీని నేను చూశాను. మన నాయనమ్మల కాలంలో పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తే పొగరన్నారు. ఇప్పుడు చూడకపోతే జబ్బంటున్నాం. లండన్‌లో లారా హల్, ఆమె సహచరులు 2017లో ఆటిజం ఉన్న 92 మంది పెద్దవాళ్ళను అడిగితే, అందరిలా కనబడటానికి రోజంతా వేసే వేషం తమను ఎంతగా అలసిపోయేలా చేస్తుందో చెప్పారు. పిల్లలకు మనం నేర్పుతున్నది స్నేహమా, ఆ వేషమా అన్నది ప్రతి థెరపిస్టూ, ప్రతి తల్లీ తండ్రీ ఆగి చూసుకోవాల్సిన సంగతి.

నేను చదివినవాటిలో నా మనసును పట్టేసింది కాన్నీ కసారి అనే పరిశోధకురాలు చేసిన పరిశోధన. పీర్స్ పుట్టిన విశ్వవిద్యాలయమే ఆమెదీ. 2012లో ప్రచురించారు. మామూలు స్కూళ్ళలో చదివే ఆటిజం పిల్లలు 60 మంది. కొందరిని విడిగా కూర్చోబెట్టి నైపుణ్యాలు నేర్పారు. కొందరి విషయంలో పిల్లాడిని కదిలించనే లేదు. అదే తరగతిలోంచి ముగ్గురు పిల్లలను తీసుకుని, ఆటస్థలంలో ఒంటరిగా ఉన్నవాళ్ళను ఎలా గమనించాలి, ఎలా కలుపుకోవాలి అన్నది నేర్పారు. ఫలానా పిల్లాడి కోసమని చెప్పలేదు. ఆరు వారాలు, వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు. ఆటిజం పిల్లలు ఆటస్థలంలో ఒంటరిగా గడిపే సమయం తగ్గింది. తరగతిలో ‘నీ స్నేహితులెవరు’ అని అడిగితే వాళ్ళ పేర్లు చెప్పేవాళ్ళు పెరిగారు. పిల్లాడికి విడిగా నేర్పినదాని కంటే ఇదే మెరుగ్గా పనిచేసింది. వాళ్ళు ప్రాథమిక తరగతుల పిల్లలు. పెద్ద తరగతుల సంగతేమిటంటే, ఎరిక్ కార్టర్ బృందం హైస్కూళ్ళలో తీవ్రమైన వైకల్యం ఉన్న విద్యార్థుల మధ్య చూసింది: పక్కన ఎప్పుడూ ఒక పెద్దమనిషి ఉండటం కంటే, తోటి విద్యార్థులను సిద్ధం చేసి పక్కన కూర్చోబెడితే మాటలూ పెరిగాయి, స్నేహాలూ పెరిగాయి.

షాడో టీచర్లు ఎంత కష్టపడతారో నాకు తెలుసు. కానీ పద్నాలుగేళ్ళ పిల్లాడి పక్కన టీచరు కూర్చుని ఉంటే ఆ మెట్టు మీదికి ఇంకో పద్నాలుగేళ్ళ పిల్లాడు వస్తాడా?

చుట్టూ ఉన్నవాళ్ళు మారితే ఏమవుతుందో ఒక పాత కథ చెబుతుంది. 1943లో మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వివరించిన వ్యాసంలో 11 మంది పిల్లలున్నారు. మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్, మిసిసిపిలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు. 1942లో అతణ్ణి తల్లిదండ్రులు పది మైళ్ళ దూరంలో ఒక కౌలు రైతు దంపతుల దగ్గర ఉంచారు. 1945 మేలో కానర్ అక్కడికి వెళ్ళి ఆశ్చర్యపోయాడు. డొనాల్డ్‌కు కొలతల పిచ్చి ఉంటే, వాళ్ళు బావి తవ్వించి లోతు ఎంతైందో చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళను పదేపదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. చచ్చిన పక్షులను పోగేస్తుంటే, వాటిని పాతిపెట్టుకోమని కాస్త చోటిచ్చారు. ఏ చదువూ చెప్పని విద్య అది. తర్వాత డొనాల్డ్ కాలేజీ చదివాడు, ఊళ్ళోని బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. మనుషులకు నంబర్లు పెట్టి పిలిచే అలవాటు అతనిది. ఊరు ఆ అలవాటు మాన్పించాలని కూర్చోలేదు, అతణ్ణి తమవాడనుకుంది.

మన దగ్గర చట్టం బాగానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ఆ చట్టంలో 16వ సెక్షన్ చదువుతో పాటు ఆటలూ వినోదమూ కూడా తక్కిన పిల్లలతో సమానంగా అందాలంటుంది. సీబీఎస్‌ఈ పరీక్షలో స్క్రైబు ఉన్నాడు, అదనపు సమయం ఉంది. లంచ్ బెల్ కొట్టాక మాత్రం ఏమీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటిలో పనిచేసే ఐఈఆర్పీలనే రిసోర్స్ పర్సన్లున్నారు. వాళ్ళ పని దాదాపుగా పిల్లాడి చుట్టూనే తిరుగుతుంది. వాళ్ళను ఆ పిల్లాడి తరగతి గదికి పంపండి. కసారి వాడిన సమయం మొత్తం కలిపితే నాలుగు గంటలు. ఒక యూనిట్ టెస్టుకు అంతకంటే ఎక్కువ పోతుంది. ప్రైవేటు స్కూళ్ళలో చదివించే తల్లిదండ్రులు థెరపీకి నెలనెలా కట్టే ఫీజులో కొంత, ఆ థెరపిస్టు తరగతిలోని మిగతా పిల్లలతో గడపడానికి పెట్టమని అడగాలి. అడిగితే స్కూళ్ళు మొదట కాదంటాయి. అయినా అడగాలి.

అక్క అడిగింది. నవంబరులో క్లాస్ టీచరు ఒప్పుకుని ముగ్గురిని ఎంచింది. అందులో ఒకడు ఆఖరి బెంచీ అల్లరివాడు, ఆ ఎంపిక ఆమెదే. షాడో టీచరు లంచ్ టైములో స్టాఫ్ రూములోనే ఉండసాగింది. సంక్రాంతి నాటికి మావాడు మెట్ల మీద నుంచి వేపచెట్టు కిందికి వచ్చాడు. స్నేహితులయ్యారని చెప్పలేను. ఒకరోజు మాత్రం ఆ అల్లరివాడు, ఉప్పల్ స్టేడియానికి ఏ బస్సెక్కాలిరా అని అడిగాడట. వీడు ఎనిమిది నిమిషాలు చెప్పాడు. వాచీ చూసుకున్నాడు కాబట్టి వాడికే తెలుసు. ‘‘రూల్ తప్పాను పిన్నీ, కానీ వాడు ఆపమనలేదు’’ అన్నాడు నాతో ఫోన్‌లో.

జూన్‌లో పదో తరగతి మొదలైంది. మార్కులను బట్టి సెక్షన్లు మార్చేశారు. ఆ ముగ్గురూ వేరే సెక్షన్లకు పోయారు, టీచరు కూడా మారింది. వాడు మళ్ళీ మెట్ల మీదే తింటున్నాడు, ఈసారి రెండో మెట్టు. సోమవారం అక్క కొత్త క్లాస్ టీచరును కలవబోతోంది. నేనూ వెళుతున్నాను.