ఆరు పళ్ల తేడా

మా ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 345 మీటర్ల ఎత్తున ఉంటుంది. నన్నిచ్చిన హిందూపురం 620 మీటర్లు. అంటే మొత్తమ్మీద పుట్టింటికి వెళ్లేటప్పుడు దిగుడు, అత్తింటికి తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు. ఈ మాటంటే మా వదిన, "ఇది తెలుసుకోడానికి సైకిలెందుకే, పెళ్లయిన ప్రతి దానికీ తెలుసు" అని ఒకటే నవ్వు.

సైకిల్ సంగతి మీలో కొందరికి తెలుసు. మావాడు బెంగళూరు ఉద్యోగానికి పోతూ తన రోడ్ బైక్‌ను మేడ మీద వదిలేసిపోయాడు. దుమ్ము కొట్టుకుపోతుంటే చూడలేక తుడిచాను. తుడిచాక ఊరికే ఉండలేక ఎక్కాను. అప్పుడు నాకు నలభై ఆరు. ఏడాది తిరిగేసరికి, తెల్లారకముందే బయల్దేరి సోమందేపల్లి మీదుగా పెనుకొండ దాకా పోయిరావడం అలవాటైంది.

పోయిన ఉగాదికి ధైర్యం చేసి ధర్మవరం దాకా పోయాను. వెళ్లేటప్పుడు హాయిగానే ఉంది. మూడో రోజు తిరిగొస్తుంటే, పెనుకొండ ఇంకా రాకముందే, మోకాళ్లు మొరాయించాయి. ఎండలో కొంతదూరం తోసుకుంటూ నడిచి, ఇక కాదని తమ్ముడికి ఫోన్ చేశాను. వాడి లగేజీ ఆటోలో చీరల మూటల మధ్య నేనూ, సైకిలూ ఇల్లు చేరాం.

"చేతగానప్పుడు బస్సుంది కదా" అన్నారు మా ఆయన. "ప్రాక్టీస్ చెయ్యమ్మా, కాళ్లకు బలమొస్తుంది" అన్నాడు మావాడు. మాటలు వేరైనా ఇద్దరూ అన్నది ఒకటే, లోపం నాదని. నెలరోజులు నేనూ అదే నమ్మాను.

మా ఊరి సైకిల్ షాపతను మాత్రం నా కాళ్లవైపు చూడలేదు, వెనక చక్రంవైపు చూశాడు. "ఇవి కుర్రోళ్ల గేర్లక్కా" అన్నాడు. పెడల్ దగ్గర రెండు పళ్లచక్రాలుంటాయి, నా బండికి 50 పళ్లదీ, 34 పళ్లదీ. వెనక 11 పళ్ల నుంచి 28 దాకా వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా తేలిక గేరు ముందు 34, వెనక 28. అందులో కూడా పెడల్ ఒక్క చుట్టు తిప్పితే బండి రెండున్నర మీటర్లు కదలాలి. ఎత్తులో చుట్టు చుట్టుకీ అంత దూరం నన్ను నేనే పైకి లాక్కోవాలన్నమాట. వెనక పెద్దది 34 పళ్లదైతే కాలు ఒక చుట్టు, చక్రం ఒక చుట్టు, రెండు మీటర్ల పైచిలుకుతో సరి. కాలి మీద పడే బరువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. కొండేమీ తగ్గదు. నిండు బిందె తోడలేనప్పుడు చిన్న చేదతో ఎక్కువసార్లు తోడతామే, అదీ లెక్క. నీళ్లు అవే, నడుము మాత్రం మిగులుతుంది.

పళ్లొక్కటే మారిస్తే చాలదట. చైనును ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే డీరైలర్ కూడా పొడుగు చేతిది ఉండాలి, చైనూ పొడుగుది కావాలి. మూడూ బెంగళూరు నుంచి తెప్పించాడు. మొత్తం ఆరు వేల లోపే. ఆ డబ్బుకు ధర్మవరంలో మంచి పట్టుచీర రాదు.

"అది ముసలాళ్ల గేరమ్మా" అన్నాడు మావాడు. ఈ మాట వాడిది కాదు, నూరేళ్లు దాటిన మాట. 1902లో ఫ్రాన్స్‌లో టూరింగ్ క్లబ్ వాళ్లు కొండదారుల్లో సైకిళ్లకు ఓ పరీక్ష పెట్టారు. ఎడ్వార్ ఫిషర్ అనే పేరున్న రేసర్ ఒకే గేరు బండి మీద, మార్త్ ఎస్ అనే ఆమె మూడు గేర్ల బండి మీద బయల్దేరారు. ఆమె దారంతా కాలు కింద పెట్టకుండా గెలిచింది. మరుసటేడు టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ అది చూసి కూడా, గేర్లు మార్చుకోవడం నలభై ఐదు దాటినవాళ్లకే తగినదని రాశాడు. ఆ పోటీలోకి డీరైలర్లను 1937లో గానీ రానివ్వలేదు. నాకిప్పుడు నలభై ఏడు. ఆయన లెక్కలో కూడా నేను పాసే.

నా అభిప్రాయం ఒక్కటే. పాతికేళ్ల మగపిల్లాడి కాళ్లకు కుదిరిన వస్తువు మనకు కుదరకపోతే వస్తువును మార్చాలి. మనకేమో ఓర్చుకోవడమే గొప్పని చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. మా ఇంట్లో రుబ్బురోలు పోయి గ్రైండర్ వచ్చినప్పుడు అత్తమ్మ, "రుచంతా పోయింది" అంటూనే ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకుంది.

నష్టం లేదని కాదు. గేరుకూ గేరుకూ మధ్య తేడా పెరిగింది. చదును దారిలో ఎదురుగాలి కొడితే ఒకటి మరీ బరువు, పక్కది మరీ తేలిక. ఎత్తులో అయితే నిమిషానికి అరవై చుట్లు తిప్పినా గంటకు ఏడున్నర కిలోమీటర్లే. నడిచేవాళ్లకన్నా కాస్త నయం. నాకేం తొందర?

దసరాకు మళ్లీ ధర్మవరం వెళ్లాను. తిరుగుదారిలో ఆ ఎత్తు రాగానే 34 మీద వేసుకుని, పూలు కట్టుకున్నంత నిదానంగా తొక్కుతూ పోయాను. పెనుకొండ కోట కొండ కనబడేదాకా దిగలేదు. బస్టాండు దగ్గర టీ చెప్పి ఇంటికి ఫోన్ చేశాను.

"పెనుకొండలో ఉన్నా" అన్నాను.

"ఏ బస్సెక్కావు?" అన్నారు మా ఆయన.