చీకటి సంగీతం, ఎల్‌జీటీఎం రివ్యూలు

కోడ్ రివ్యూలో ఎల్‌జీటీఎం అని నాలుగక్షరాలు కొట్టి చేతులు దులుపుకునేవాళ్ళు ప్రతి టీములోనూ ఉంటారు. కోడ్ చదివారో లేదో ఆ దేవుడికే ఎరుక. చిన్న లేబుళ్ళ నుంచి వచ్చే డార్క్ యాంబియంట్ ఆల్బంల మీద రివ్యూలు చదువుతుంటే నాకు సరిగ్గా అదే గుర్తొస్తుంది. "వెంటాడే సంగీతం", "లోతైన చీకటి", "మరో లోకం"... అంతే! ఒక ఆల్బం పేరు తీసేసి ఇంకోటి పెట్టినా అతికినట్టు సరిపోతుంది.

ఈ సంగీతం తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మన కచేరీలో వెనకాల తంబూరా శ్రుతి మోగుతూ ఉంటుంది కదా. పాటగాణ్ణీ, మృదంగాన్నీ తీసేసి ఆ శ్రుతినే ముందుకు తెచ్చారనుకోండి. పాట ఉండదు, తాళం దాదాపు ఉండదు, మిగిలేది వాతావరణం మాత్రమే. రోజర్ కర్మానిక్ 1987లో స్వీడన్‌లో మొదలెట్టిన కోల్డ్ మీట్ ఇండస్ట్రీ లాంటి చిన్న లేబుళ్ళే దీన్ని పెంచి పోషించాయి.

పాటే లేనప్పుడు ఏం రాస్తాం అని చాలామంది విశేషణాల మీద పడతారు. నిజానికి రాయడానికి బోలెడుంది. లస్ట్‌మోర్డ్ 1990లో తెచ్చిన 'హెరెసీ'నే తీసుకోండి. గుహల్లో, గనుల్లో, భూగర్భ సమాధుల్లో చేసిన రికార్డింగులు, వాటికి తోడు భూకంపాలకీ అగ్నిపర్వతాలకీ సంబంధించిన శబ్దాలు కలిపి కట్టిన ఆల్బం అది. ఈ ముక్క చెబితే వినేవాడికి ఒక పట్టు దొరుకుతుంది. పైగా అందులో అసలు సరుకు చాలావరకు అట్టడుగు బాస్‌లో ఉంది. ల్యాప్‌టాప్ స్పీకర్లలో పెడితే అదంతా గల్లంతే. "మంచి హెడ్‌ఫోన్స్ లేకపోతే వినకండి" అన్న ఒక్క వాక్యం పది విశేషణాల పెట్టు.

ఇంకో ఉదాహరణ. విలియం బసిన్‌స్కీ 2001లో తన పాత టేప్ లూపుల్ని డిజిటల్‌లోకి ఎక్కిస్తుంటే, టేపు మీది అయస్కాంత పూత రాలిపోవడం మొదలైంది. ఆయన ఆపలేదు, రాలుతుండగానే రికార్డు చేశాడు. 'డిసింటిగ్రేషన్ లూప్స్'లో మొదటి ముక్క గంటకి పైనే ఉంటుంది. అదే లూపు, తిరిగిన కొద్దీ అరిగిపోతూ. దీన్ని "విషాదభరితం" అంటే ఏం చెప్పినట్టు? పూత రాలిన సంగతి చెప్పండి చాలు, విషాదం మాటేమిటో వినేవాడే చూసుకుంటాడు.

ఇక రెండో జబ్బు, మొహమాటం. "పాపం చిన్న లేబులు, సొంత డబ్బులు పెట్టుకున్నాడు, ఎందుకులే" అని పామూ చావకుండా కర్రా విరగకుండా రాయడం. వాన చప్పుడు, చర్చి గంట, పైన బోలెడు రివర్బ్ కలిపేస్తే ఆల్బం అయిపోదు. అలాంటివి చాలానే వస్తున్నాయి. అందరికీ నూటికి నూరు వేస్తే నిజంగా కష్టపడ్డవాడికి మీరిచ్చిన నూరుకి విలువేముంది?

ఇదంతా సంగీతం పిచ్చోళ్ళ గొడవ అనుకోకండి, డబ్బు లెక్క కూడా ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే కాని ట్రాకుకి రికార్డింగ్ రాయల్టీ రాదు. మూడు నిమిషాల పాట విన్నా ఒక ప్లేనే, గంట ముక్క విన్నా ఒక ప్లేనే! అంటే ఈ సంగీతానికి ఆ లెక్క పుట్టుకతోనే ప్రతికూలం. అదే బాండ్‌క్యాంప్‌లో ఎవరైనా డిజిటల్ ఆల్బం కొంటే, మామూలుగా కంపెనీ వాటా 15 శాతం, చెల్లింపు ఖర్చులు పోను మిగతాది లేబులుకో కళాకారుడికో చేరుతుంది. కాబట్టి వీళ్ళని నిలబెట్టేది వేల ప్లేలు కాదు, జేబులోంచి డబ్బు తీసే కొద్దిమంది. ఆ కొద్దిమంది రివ్యూని నమ్మి రెండుసార్లు మోసపోతే మూడోసారి కొనరు. జాలిపడి రాసిన పొగడ్త చివరికి ఆ చిన్నవాడి కడుపే కొడుతుంది.

నా మటుకు ఒక రివ్యూ నాలుగు సంగతులు చెబితే చాలు. శబ్దం దేంతో చేశారు, ఎక్కడ మారుతుంది, ఎలా వినాలి, ఎక్కడ బోరు కొట్టింది. ఆ నాలుగోది లేని రివ్యూని నేనైతే నమ్మను. మరి మీరో?