రక్షణ ఉత్తర్వు కోరడం అవిశ్వాసం కాదు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల చుట్టూ ఉన్న సంఘాల్లో వేరే ఊళ్ల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చి ఒంటిగది ఇళ్లలో అద్దెకుంటున్న కుటుంబాలు ఎన్నో. భర్త కొడుతున్నాడని ఒక సహోదరి కన్నీళ్లతో వస్తే మనం ఎక్కువగా చెప్పేది ఒకటే: ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి. ప్రార్థన చేయవలసిందే. కానీ ఆ రాత్రి ఆమె వెళ్లేది మళ్లీ ఆ గదికే.

2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం ఆమెకు ఒక అండ. కొట్టడమే కాదు, అవమానించడం, బెదిరించడం, ఆమె జీతం లాక్కోవడం కూడా ఈ చట్టం ప్రకారం హింసే. మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వు ఆమెపై చేయిచేసుకోవద్దని, ఆమె పనిచేసే చోటికి వెళ్లవద్దని, ఫోన్‌లోనైనా వేధించవద్దని భర్తను ఆదేశించగలదు. అత్యవసరమైతే అతని వాదన వినకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చు. అద్దె అతని పేరిట ఉన్నా ఆమెను గెంటివేయకుండా నివాస ఉత్తర్వు కోరవచ్చు.

పెళ్లి ఎక్కడ జరిగినా, ఇప్పుడు ఉంటున్న ప్రాంతపు కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు. సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, మహిళలకు ఉచిత న్యాయసహాయం అందుతుంది. ప్రతి జిల్లాలో, తాలూకాలో రక్షణాధికారులను నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

‘ఆయన జైలుకెళ్తే ఇల్లెలా గడుస్తుంది?’ అని చాలామంది వెనుకాడతారు. ఈ ఉత్తర్వు విడాకులు కాదు, శిక్ష కాదు, ఒక హద్దు. హద్దు దాటినప్పుడే అది నేరం: ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

విశ్వాసి కోర్టుకెక్కవచ్చా అని అడిగేవారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికను చూపిస్తారు. ఆ పత్రిక రాసిన పౌలే, యెరూషలేములో కొరడాదెబ్బలు తప్పించుకోవడానికి తన రోమా పౌరసత్వాన్ని చెప్పుకొన్నాడు. కైసరయలో కైసరుకు అప్పీలు చేసుకొన్నాడు. అతనికి తగినది మన సహోదరికి తగదా?

ఉత్తర్వు కాగితం ఒక్కటే కావలి కాయలేదు. దాని నకలు ఆమె దగ్గర ఉండాలి, ఉల్లంఘన జరిగితే 112కు ఫోన్ చేసే పొరుగువారు ఉండాలి. స్త్రీల సమాజం 181 హెల్ప్‌లైన్ నంబరును మందిరపు గోడమీద రాయించాలి. కోర్టుకు ఆమె వెంట ఇద్దరు పెద్దలు వెళ్లాలి. రాజీ పేరుతో ఆమె నోరు మూయించి, కొట్టినవానికి ప్రభువు బల్ల దగ్గర చోటిస్తే, ఆ దెబ్బల్లో సంఘానికీ పాలుంటుంది.