పుట్టింటికొచ్చిన సొర

మా నకరికల్లుకు సముద్రం దూరం. మేమెరిగిన పెద్దనీరు సాగరు కాలువే. అందుకేనేమో, సొర అనగానే నాకు కోరలే గుర్తుకొస్తాయి. మాల్దీవుల్లో స్కూబా చేసివచ్చిన మిత్రుడొకడు తిమింగల సొర పక్కన ఈదానంటే వాడి ధైర్యాన్ని తెగ మెచ్చుకున్నాను. మెచ్చుకోవలసినది ఆ చేప సాధుత్వాన్నని తరువాత తెలిసింది. చేపలన్నిటిలోకీ పెద్దదైనా, నోరు తెరచి నీటిని వడగట్టుకుని, అందులోని సూక్ష్మజీవులతో, చిరుచేపలతో కడుపు నింపుకుంటుంది. వీపుమీది చుక్కల అమరిక ఒక్కోదానికి ఒక్కో తీరు, మన వేలిముద్రల్లాగా.

2021 డిసెంబరులో అప్పటి విశాఖ జిల్లా తంతడి తీరాన రెండు టన్నుల తిమింగల సొర వలకు చిక్కింది. అటవీశాఖవారూ జాలరులూ కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు.

దాన్ని వేటాడటం 2001 నుంచి నేరమే. అయితే గుజరాతులో చట్టంతో పాటు ఒక పోలిక కూడా పనిచేసింది. నూనె కోసం చంపే ఆ చేపను, 2004లో మొదలైన ప్రచారంలో మొరారి బాపు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డతో పోల్చారు. జాలరులే వల కోసి వదలసాగారు. కోసిన వలకు పరిహారమూ ఏర్పాటైంది.

నాకు ఆ పోలికకన్నా ఈ పరిహారమే ముఖ్యమనిపిస్తుంది. ఆడబిడ్డ వచ్చిందని ఊరంతా మురిసి, చీరె సారెల ఖర్చు జాలరి ఒక్కడి నెత్తిన రుద్దితే ఎట్లా? వలే అతని పొలం. పైరు తొక్కించుకుని ఊరుకునే రైతు మా ఊళ్ళోనూ లేడు. చేపను చూసేందుకు మిత్రుడు డబ్బు కట్టాడు. దాన్ని వదిలేందుకు జాలరి వల పోగొట్టుకుంటాడు. మొన్న వాడితో ఈ మాటే అన్నాను.

ఫొటోలు మాత్రం బాగున్నాయి.