గెనిమ గొడవకు చేను బలి

చెరువు నిండింది. తూము ఎత్తినారు. నాలుగు దినాలైనా చివర ఉన్న కయ్యకు నీళ్లు ఎక్కలేదు. మధ్యలో వంద అడుగుల పిల్లకాలువ మట్టి మేట వేసి, సర్కారు తుమ్మ మొలిచి, కాలువ ఎక్కడుండేదో గుర్తుపట్టలేని స్థితికి వచ్చింది.

పైచేను రైతుకు బోరు ఉంది, మల్బరీ తోట ఉంది. చెరువు నీళ్లతో ఆయనకు పనిలేదు. "నీళ్లు పారించుకునేది నువ్వు, నేనెందుకు తీయాల?" అన్నాడు. "కాలువ నీ చేలో ఉంది, పూడిపోతా ఉంటే చూస్తా ఊరుకున్నది నువ్వే కదా మామా" అన్నాడు కిందిచేను రైతు. ఆ 'మామా' అనే పిలుపు అదే ఆఖరు. ఒక తెల్లవారుజామున జేసీబీ వచ్చింది. పూడికతో పాటు సగం గెనిమ, నాలుగు సాళ్ల మల్బరీ, హద్దు రాయి కూడా లేచిపోయినాయి. తర్వాత పోలీసు స్టేషను, ఆ తర్వాత కోర్టు. నలుగురు మనుషులు రెండు దినాలు చేస్తే అయిపోయే పనికి రెండు పంటల కాలం కిందిచేను బీడుపడింది.

ఊరి పేరు, మనుషుల పేర్లు రాయం. ఇద్దరూ మన సంఘం సభ్యులే. టమోటాకు గిట్టుబాటు ధర కావాలని ధర్నా చేసిన రోజు ఇద్దరూ ఒకే జెండా కింద కూర్చున్నారు. అందుకే ఈ నెల సంపాదకీయం ముందు మన గురించి, ఆ తర్వాతే ప్రభుత్వం గురించి.

పలమనేరు, గంగవరం, పెద్దపంజాణి, బైరెడ్డిపల్లి, వి.కోట మండలాల్లో ఏ ఊరికి పోయినా ఇట్లాంటి తగాదా ఒకటైనా ఉంది. గెనిమ తెగితే ఎవరు కట్టాలి, బండిబాట మీద కంప ఎవరు కొట్టాలి, గెనిమ మీది కానగ చెట్టు నీడకు పక్క చేను ఎదగకపోతే కొమ్మలు ఎవరు నరకాలి? విడిగా చూస్తే చిన్న విషయాలు. కానీ ఏండ్ల తరబడి మాటల్లేకుండా పోయిన కుటుంబాలను అడిగితే చాలాసార్లు కథ ఇక్కడే మొదలై ఉంటుంది.

మన పెద్దల కాలంలో తగాదాలు లేవని కాదు. తగాదా రాకముందే పని ఎవరిదో తేలి ఉండేది. గొలుసుకట్టు చెరువుల సీమ మనది. పై చెరువు మొరవ పోతే కింది చెరువు నిండాలి. కాలువలు, కట్టల పనికి ఆయకట్టు రైతులందరూ భూమి లెక్కన మనుషులను పంపే ఆచారాన్నే కుడిమరామత్తు అన్నారు. 1858లో దీన్ని చట్టంలోకి కూడా ఎక్కించినారు. చెరువు కట్టించి, బాగోగులు చూసుకునేవాళ్లకు దశబంధం ఇనాములు ఉండేవి. ఎవరి కయ్యకు ఎప్పుడు నీళ్లు వదలాలో నీరుగంటి చూసేవాడు.

ఆ ఏర్పాటు అంతా న్యాయమని మేము అనడం లేదు. వెట్టి పని ఎక్కువగా పేదల మీదనే పడింది. చెరువు వెనక భూములు పెద్దోళ్లవి, మోసిన తట్టలు చిన్నోళ్లవి. అది పోవాల్సిందే. కానీ దాంతోపాటు 'ఈ పని ఈ నెలలో, ఇంతమంది కలిసి' అనే కట్టుబాటు కూడా పోయింది. ఇనాములు రద్దయినాయి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినాయి. బోర్లు వచ్చి చెరువు మీద ఆధారపడేవాళ్లు తగ్గినారు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినాయి, 2024 డిసెంబరులో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగినాయి. అయినా పిల్లకాలువలో పార పట్టే మనిషి ఎవరనే ప్రశ్న చాలా ఊర్లలో అట్లాగే ఉంది.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి ఇంకో కారణం ఉంది. 2025 ఆగస్టులో కృష్ణా నీళ్లు హంద్రీ–నీవా, కుప్పం బ్రాంచి కాలువల మీదుగా కుప్పం దాకా వచ్చినాయి. శ్రీశైలం వెనక జలాల దగ్గర మల్యాలలో ఎత్తిపోసిన నీళ్లు అన్ని జిల్లాలు దాటి మన గడ్డకు చేరినాయి. ఆ నీళ్లు మన చెరువులకు క్రమం తప్పకుండా రావాలని కొట్లాడుతూనే ఉంటాం. కానీ అన్ని వందల కిలోమీటర్లు వచ్చిన నీళ్లు మన చేని పక్కన వంద అడుగుల తుమ్మకంప దగ్గర ఆగిపోతే ఎవరిని నిలదీయాలి?

గెనిమ, కాలువ ఒక్కటే కాదు. ధర పడిపోయిందని కోయకుండా, పీకకుండా వదిలేసిన టమోటా తోట పక్క రైతు మీదికి ఊజీని, తెల్లదోమను, వైరస్ తెగులును పంపుతుంది. వదిలేసినాయన బాధ మాకు తెలుసు. పీకే కూలి కూడా రాని ధర అది. కానీ పక్కాయన నారుకు పెట్టిన అప్పు కూడా అప్పే. టమోటాకు కొట్టిన మందు గాలికి పోయి మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చిపోతాయి. గూడు కట్టే ముందు నాలుగు దినాల్లో పంట మొత్తం పోతుంది. 'రేపు మందు కొడతా, ఈరోజే ఆకు కోసుకో' అని ఒక్క ఫోను చేస్తే దాటిపోయే నష్టం ఇది.

ఏనుగుల బాధ మనకు తెలియంది కాదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మంద రావడం, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడటం, అప్పటి నుంచి మన పంటలు పోవడం, మనుషులు చనిపోవడం అందరం చూసిందే. సోలార్ కంచెకు తీగలు, కంప తగిలితే కరెంటు భూమిలోకి దిగి దెబ్బ తగ్గిపోతుంది. ఒక్క చోట కంప కొట్టకపోతే మిగిలిన కంచె అంతా ఉన్నా లేనట్టే. ఏనుగు ఆ ఒక్క చేనితో ఆగదు. కంచె నిర్వహణ అటవీశాఖ పని, దాన్ని వదిలిపెట్టం. మన చేని వెంట ఉన్న కంప మాత్రం మనం కొట్టుకోవాల. ఇక పంది వస్తుందని గెనిమకు నేరుగా కరెంటు తీగ చుట్టే పని ఎవరు చేసినా సంఘం వెనకేసుకు రాదు. తెల్లారి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క రైతే దానికి బలి అవుతాడు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకుందాం. ఈ తగాదాల్లో సగం, తెలియక పంతం పట్టినవే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏండ్లు అడ్డం లేకుండా, బహిరంగంగా, హక్కుగా వాడుకున్న బాట మీద, నీటి కాలువ మీద హక్కు ఏర్పడుతుంది. ఆ హక్కు ఉన్న రైతు మరమ్మతు కోసం పక్క చేలోకి పోవచ్చు, పక్కాయనకు వీలైనంత తక్కువ నష్టం జరిగేటట్టు చేసుకోవాల. ఆ మరమ్మతు ఖర్చు భరించాల్సింది హక్కు వాడుకునేవాళ్లే. అంటే మనం మొదట చెప్పిన తగాదాలో ఇద్దరికీ సగం న్యాయమే ఉంది. పూడిక తీసే ఖర్చు తనది కాదన్న పైచేను రైతు మాట సరైనదే, తీయడానికి వచ్చినాయన్ను అడ్డుకోవడం తప్పు. లోపలికి పోయే హక్కు కిందిచేను రైతుది, గెనిమ కొల్లగొట్టే హక్కు ఎవరిదీ కాదు.

1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం హద్దు రాళ్లను కాపాడి, బాగుచేసే బాధ్యతను పట్టాదారు మీదనే పెట్టింది. తగాదా కొట్లాటకు దారితీస్తుందని తోస్తే అధికారులు పాత 145 సెక్షను, కొత్త చట్టంలో 164, కింద విచారణ పెట్టి భూమిని జప్తులో పెట్టవచ్చు. అప్పుడు గెలిచినాయన కూడా ఆ పంట పెట్టలేడు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కేసు వేయకముందే అక్కడికి పోవచ్చు.

పక్కపక్కన ఉన్న ఇద్దరినీ కూర్చోబెడితే తేలని సమస్యలు కూడా ఉన్నాయి. బెంగళూరు నుంచి వచ్చి ఎకరాలు కొని, చుట్టూ రాళ్లు పాతి, మళ్లీ ముఖం చూపించని యజమానులు పెరిగినారు. ఆ బీళ్లలో వయ్యారిభామ పూసి గింజ రాలేది మన చేలల్లో. మాట్లాడుదామంటే ఫోను నంబరు కూడా ఉండదు. కౌలు రైతుది ఇంకో బాధ. గెనిమ కడితే 'నా భూమిలో నీకేం పని' అంటాడు యజమాని, కట్టకపోతే పక్కాయన తిడతాడు. రీసర్వే అయితే కొత్త తగాదాలు తెచ్చింది. ఇద్దరు ముగ్గురి భూమిని ఒకే ఎల్పీఎం నంబరు కింద కలిపేసిన చోట్ల, అన్నదమ్ముల మధ్య కూడా గెనిమ ఎవరిదో తెలియకుండా పోయింది.

కాబట్టి ప్రభుత్వాన్ని అడిగేది అడుగుతాం. జాయింటు ఎల్పీఎంలను ఇరుపక్క రైతులనూ పిలిచి, వాళ్ల ముందే కొలిచి, రుసుం లేకుండా విడదీయాల. పిల్లకాలువల పూడికతీత ఉపాధి పనుల్లో ముందు వరసలో ఉండాల. బీడు పెట్టిన బయటి యజమానులకు పంచాయతీ నోటీసు ఇచ్చి కంప కొట్టించాల. కౌలు రైతు చేసిన మరమ్మతుకు గుర్తింపు ఉండాల.

మనం చేయాల్సిన పని దీనికోసం ఆగకూడదు. ప్రతి గ్రామ శాఖకూ మా సూచనలు ఇవి.

ఏరువాక పున్నమికి ముందు ఒక దినం పెట్టుకోండి. ఊర్లో పిల్లకాలువలు, బండిబాటలు అన్నీ ఆ దినం కలిసి నడిచి చూడండి. నడవకుండా మాట్లాడితే ఎవరి కాలువ వాళ్లకు బాగానే కనిపిస్తుంది.

ఖర్చు పారే ఎకరాల లెక్కన వేయండి. డబ్బు లేనాయన మనిషిని ఇస్తాడు. అరెకరా డీకేటీ భూమి ఉన్న రైతును, పదెకరాల ఆయకట్టు ఉన్న రైతును ఒకే గాటన కట్టవద్దు.

ఒప్పుకున్న మాటను కాగితం మీద రాసి, ఇరుపక్కలా సంతకాలు పెట్టించి, ఇంటికో ప్రతి ఇవ్వండి. పట్టా మగాయన పేరు మీద ఉన్నా చేను చూసేది ఆడకూతురైతే ఆమెను కూర్చోబెట్టకుండా తీర్మానం చేయవద్దు.

జేసీబీ పిలిచే ముందు పక్కాయనకు చెప్పాల. హద్దు రాయి కదిలే పని అయితే సర్వేయరు లేకుండా ముట్టుకోకూడదు.

తెగని తగాదా ఉంటే మండల కమిటీకి రాయండి. ఒక నెల లోపల ఇద్దరినీ కూర్చోబెట్టే బాధ్యత మాది. పెద్దమనుషుల పేరుతో జరిమానాలు, వెలివేతలు మాత్రం సంఘం ఒప్పుకోదు.

మొదట చెప్పిన ఆ ఇద్దరినీ మేము ఇప్పటికి రెండుసార్లు కూర్చోబెట్టినాం. మొదటిసారి లేచిపోయినారు. రెండోసారి టీ తాగి, కాలువ వెడల్పు దాకా మాట్లాడినారు. మల్బరీ నష్టం దగ్గర ఆగింది. వచ్చే లోక్ అదాలత్‌కు రాజీ కాగితం తీసుకుపోవాలని మా ప్రయత్నం. మీ ఊర్లో పూడిపోయిన కాలువల జాబితా, వాటి కింద పారే ఎకరాలు, అడ్డం ఉన్న తగాదా ఏమిటో రాసి వచ్చే నెల సంచికకు ముందే సంఘం ఆఫీసుకు పంపండి. వాన మన తగాదా తెగేదాకా ఆగదు.